రిపోర్టులో ఉండని అంకె: జ్వరం ఎన్నో రోజు?

వానలు పడి దోమలు ముసిరే రోజుల్లో మన ఊళ్లలో వీధికో ఇంట్లోనైనా ఈ కథ నడుస్తుంది. జ్వరం వచ్చిన రెండో రోజే ల్యాబ్‌కి వెళ్లి డెంగీ యాంటీబాడీ టెస్టు చేయిస్తారు, నెగెటివ్ వస్తుంది, హమ్మయ్య అనుకుంటారు. జ్వరం మాత్రం తగ్గదు. ఆరో రోజు ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే పాజిటివ్. ఇక ఇంట్లో పంచాయితీ మొదలు. మొదటివాడు సరిగ్గా చూడలేదని ఒకరు, రెండోవాడు డబ్బుల కోసం లేని రోగం అంటగట్టాడని ఇంకొకరు. చాలాసార్లు రెండు ల్యాబ్‌లు చెప్పిందీ నిజమే. రెండో రోజు రక్తంలో ఆ యాంటీబాడీలు, అంటే క్రిమిని పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రొటీన్లు, టెస్టుకు చిక్కేంత లేవు, ఆరో రోజుకు ఉన్నాయి, అంతే.

ఈ మలుపుకు వైద్యులు పెట్టుకున్న పేరు సీరోకన్వర్షన్. నిన్నటిదాకా టెస్టులో కనబడని యాంటీబాడీలు ఇవాళ కనబడటం. పేరు పెద్దదే గానీ విషయం ఇంతే. అయితే ఇందులో రెండు వేర్వేరు సంగతులు ఇరుక్కుని ఉన్నాయి: ఒంట్లో యాంటీబాడీలు తయారవడం ఒకటి, వాటిని టెస్టు పట్టుకోగలగడం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య ఎప్పుడూ కొన్ని రోజుల తేడా ఉంటుంది, కొన్ని రోగాల్లో వారాల తేడా. ల్యాబ్ రిపోర్టులో పేరు, వయసు, రక్తం తీసిన టైమ్, నార్మల్ రేంజ్ అన్నీ ఉంటాయి. జ్వరం మొదలైన ఎన్నో రోజున రక్తం తీశారన్నది మాత్రం ఉండదు. ఆ ఒక్క అంకె తెలియకపోతే మిగతా అంకెలన్నీ సగం సగం మాటలే.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూడాలి. దోమ కుట్టినా, పుండు చీము పట్టినా, టీకా వేసినా, బయటి సరుకు లోపలికి దిగిన చోట కాపలా తిరిగే కణాలు కొన్ని ఉంటాయి. అవి దాన్ని మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి మోసుకెళ్తాయి. లింఫ్ గ్రంథి అంటే ఏదో కొత్త వస్తువు అనుకోనక్కర్లేదు. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కట్టిందని, చేతికి చీము పడితే చంకలో బిళ్ల కట్టిందని పెద్దవాళ్లు అనేది దాన్నే. కోవిడ్ టీకా వేయించుకున్నాక కొందరికి ఆ చేతివైపు చంకలోనే బిళ్ల తేలి నొప్పి పెట్టింది, చాలామంది టెన్షన్ పడ్డారు కూడా. అక్కడ పని జోరుగా సాగుతోందని తప్ప దానికి వేరే అర్థం లేదు.

ఆ గ్రంథిలో కాచుకుని ఉండేవి బి కణాలు. యాంటీబాడీలు తయారుచేసేది ఇవే. ఈ 'బి' ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది: కోడి తోక దగ్గర ఉండే బర్సా అనే చిన్న సంచి నుంచి. అమెరికాలో బ్రూస్ గ్లిక్ అనే పరిశోధకుడు, ఆ సంచి తీసేసిన కోళ్లు యాంటీబాడీలు తయారుచేయలేకపోతున్నాయని గమనించాడు. పేరుమోసిన సైన్స్ పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపితే, చివరికి 1956లో కోళ్ల మీద పరిశోధనలు వేసుకునే పత్రికలో అచ్చయింది. మనిషికి ఆ సంచి లేదు, మన బి కణాలు ఎముక మూలుగలో పుడతాయి, పేరు మాత్రం కోడిదే మిగిలింది.

ఇక్కడ చాలామందికి ఉండే ఒక అపోహ ఉంది. వైరస్ వచ్చాక, దాన్ని చూసి, దానికి సరిపోయే యాంటీబాడీని శరీరం కొత్తగా డిజైన్ చేస్తుందని అనుకుంటారు. అలా జరగదు. చీర పట్టుకుని మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్తే ఏమవుతుంది? వాళ్లు ఆ చీర చూసి బట్టకు అప్పటికప్పుడు రంగు వెయ్యరు. వేల రంగుల బ్లౌజ్ పీసులు ముందే అరల్లో పేర్చి ఉంటాయి, చీర పక్కన పెట్టి చూసి దగ్గరగా నప్పినది తీస్తారు. బి కణాల సంగతీ అదే. ఒక్కో బి కణం ఒక్కో ఆకారాన్ని పట్టుకునే యాంటీబాడీతో, ఏ రోగమూ రాకముందే, పుట్టి తిరుగుతుంటుంది. ఇన్ని కోట్ల రకాలకు సరిపడా జన్యువులు మనిషి దగ్గర లేవు కదా అన్న ప్రశ్నకు జపాన్ శాస్త్రవేత్త సుసుము టొనెగావా జవాబు కనిపెట్టాడు: కొన్ని వందల జన్యు ముక్కల్నే ప్రతి కణమూ పేకముక్కల్లా తనకు తోచినట్టు కలిపి ఒక కొత్త జోడీ వేసుకుంటుంది. దానికే ఆయనకు 1987లో నోబెల్ వచ్చింది. వచ్చిన వైరస్‌కి నప్పిన కణమే ఎంపికై పెరుగుతుందన్న ఊహను ఆస్ట్రేలియాలో మాక్‌ఫార్లేన్ బర్నెట్ అంతకు చాలా ముందే, 1957లో, ముందుకు తెచ్చాడు.

ఆలస్యం అంతా పుట్టేది ఈ ఏర్పాటులోనే. అన్ని రకాలూ ముందే ఉండాలంటే ఒక్కో రకం కణాలు చాలా తక్కువగా ఉండాలి, లేకపోతే ఒంట్లో చోటు చాలదు. కాబట్టి నప్పిన కణం దొరికాక అది ముందు తన సంఖ్య పెంచుకోవాలి. ఉజ్జాయింపుగా 8 గంటలకోసారి రెండవుతుందనుకుంటే రోజుకు 8 రెట్లు, రెండు రోజులకు 64 రెట్లు, ఐదు రోజులకు ఒక్క కణం 32 వేల పైచిలుకు కణాలవుతుంది. అయినా మొదటి రెండు మూడు రోజుల్లో ఉన్నది గుప్పెడే. అందులో కొన్ని కణాలు ప్లాస్మా కణాలుగా మారి, వేరే పనులన్నీ మానేసి, సెకనుకు వేలల్లో యాంటీబాడీలు రక్తంలోకి వదులుతాయి. అవి పెద్దవాళ్ల ఒంట్లో ఉండే ఐదు లీటర్ల రక్తంలో కలిసి, ల్యాబ్‌వాళ్లు తీసే ఒకటి రెండు చుక్కల్లో కూడా కనబడేంతగా పేరుకోవాలి. మొదటిసారి చూస్తున్న క్రిమికి ఇదంతా అయ్యేసరికి దాదాపు వారం, ఒక్కోసారి పది రోజులు పైనే పడుతుంది. ముందే చూసిన క్రిమి అయితే దాన్ని గుర్తుపెట్టుకున్న కణాలు ఒంట్లో మిగిలి ఉంటాయి కాబట్టి, ఒళ్లు రెండు నుంచి నాలుగు రోజుల్లో అందుకుంటుంది.

మొదట వచ్చేది ఐజీఎం రకం. ఇంగ్లిష్ 'వై' అక్షరం లాంటి ఆకారాలు ఐదు చక్రంలా అతుక్కున్నట్టు ఉంటుంది, అంటే పట్టుకోవడానికి పది చేతులు. ఒక్కో చేతి పట్టు అంతంతమాత్రమే, పది కలిసి ఎలాగో నెట్టుకొస్తాయి. రక్తంలో ఉన్న ఐజీఎం 5 రోజులకే సగమైపోతుంది. తర్వాత వచ్చే ఐజీజీది ఒక్క వై ఆకారమే, కానీ పట్టు గట్టిది, సగం కావడానికి మూడు వారాలు తీసుకుంటుంది. ఆ గట్టిదనం ఊరికే రాదు. తొలి విడత ఐజీఎం బయటికి పోతుండగానే గ్రంథి లోపల కొన్ని బి కణాలు తమ యాంటీబాడీ జన్యువును కావాలనే అక్కడక్కడా మార్చుకుని, మారిన ఆకారం క్రిమికి ఇంకా బాగా నప్పుతుందో లేదో చూసుకుంటాయి. నప్పినవి బతుకుతాయి, నప్పనివి చచ్చిపోతాయి. మ్యాచింగ్ సెంటర్‌లో దొరికిన పీసును టైలర్ ఒంటికి సరిపోయేదాకా విప్పి మళ్లీ కుట్టడం లాంటిదే ఇది, కాకపోతే ఇక్కడ వేలమంది టైలర్లు పోటీ పడతారు. ఈ కుట్టుపని వారాల తరబడి సాగుతుంది.

రెండో డోసుకు గడువు పెట్టడం వెనక ఉన్నదీ ఇదే. 2021లో కోవిషీల్డ్ రెండో డోసు గడువును మొదట 4 నుంచి 6 వారాలు అన్నారు, మార్చిలో 6 నుంచి 8 వారాలు చేశారు, మేలో 12 నుంచి 16 వారాలకు పెంచారు. టీకాలు చాలకే ఇలా జరుపుతున్నారని జనం గట్టిగా అనుకున్నారు, టీకాల కోసం తెల్లవారుజామున క్యూలు కట్టిన రోజుల్లో అలా అనుకోవడంలో తప్పు లేదు కూడా. కానీ ఎడం పెరిగితే ఆ టీకాకు యాంటీబాడీలు మెరుగ్గా వస్తాయన్నది మాత్రం పరీక్షల్లో తేలిన నిజమే.

ఇదంతా తయారీ వైపు కథ. కనబడటం అనే రెండో సగం పూర్తిగా టెస్టు చేతిలో ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఎలీసా పద్ధతిని 1971లో స్వీడన్‌లో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ బయటపెట్టారు. 96 గుంటలున్న చిన్న ప్లాస్టిక్ పలకలో వైరస్ ముక్కలు అతికిస్తారు, మీద మన సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే పలచటి ద్రవం, పోస్తారు, నప్పిన యాంటీబాడీలుంటే అతుక్కుంటాయి, మిగతాదంతా కడిగేస్తారు. అతుక్కున్నవాటిని గుర్తుపట్టే ఇంకో యాంటీబాడీకి ఎంజైమ్ తగిలించి పోస్తే రంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే యాంటీబాడీలు అంత ఎక్కువ. ఆ రోగం లేనివాళ్ల సీరంతో కూడా లేత రంగు ఎంతో కొంత వస్తుంది, కాబట్టి ఎక్కడో ఒకచోట గీత గీయాలి. ఆ గీత పైన పాజిటివ్, కింద నెగెటివ్. గీత 1 దగ్గర ఉందనుకుంటే, 0.9 వచ్చిన మనిషికీ 1.1 వచ్చిన మనిషికీ ఒంట్లో ఉన్న తేడా దాదాపు ఏమీ లేదు, రిపోర్టులో మాత్రం ఒకరికి రోగం ఉంది, ఒకరికి లేదు! మంచి ల్యాబ్‌లు ఆ మధ్యలోవాటిని అటూ ఇటూ కానివిగా రాసి, వారం తర్వాత మళ్లీ రమ్మంటాయి.

డెంగీ దగ్గరికి మళ్లీ వెళ్తే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. దోమ కుట్టాక జ్వరం రావడానికి 4 నుంచి 10 రోజులు పడుతుంది, అంటే జ్వరం మొదటి రోజుకే ఒంట్లో పని కొంత నడిచి ఉంటుంది. అయినా మొదటి రెండు మూడు రోజుల్లో రక్తంలో యాంటీబాడీల కంటే వైరసే ఎక్కువ. అందుకే అప్పుడు చేయాల్సింది వైరస్ వదిలే ఎన్ఎస్1 ప్రొటీన్ కోసం వెతికే టెస్టు. ఐజీఎం ఐదో రోజుకు 100 మందిలో 80 మందికి, పదో రోజుకు దాదాపు అందరికీ కనబడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రెండు వారాలకు శిఖరానికి చేరి, ఆ తర్వాత రెండు మూడు నెలల్లో కనుమరుగవుతుంది. ఈ చివరి మాట చాలామంది పట్టించుకోరు. సెప్టెంబరులో డెంగీ వచ్చిపోయిన మనిషికి నవంబరులో మామూలు వైరల్ జ్వరం వచ్చి టెస్టు చేయిస్తే పాత ఐజీఎం ఇంకా పాజిటివ్ చూపించవచ్చు.

రెండోసారి డెంగీ వస్తే వ్యవహారం తలకిందులవుతుంది. అప్పుడు ముందుండేది ఐజీజీ. పాత జ్ఞాపకం ఉన్న కణాలు జ్వరం మొదటి రోజుల్లోనే ఐజీజీని పొంగిస్తాయి, ఐజీఎం చాలా తక్కువగా వస్తుంది, కొందరికి అసలు టెస్టుకు చిక్కదు. కార్డు టెస్టులో ఐజీఎం గీత లేదు, ఐజీజీ గీత ఉంది కాబట్టి "పాతదే లెండి, ఇప్పుడేం లేదు" అని తేల్చేస్తే ప్రమాదం, ఎందుకంటే డెంగీ తీవ్రంగా మారే అవకాశం ఎక్కువగా ఉండేది రెండోసారి వేరే రకం డెంగీ వైరస్ సోకినవాళ్లకే. మొదటిసారి వచ్చిన యాంటీబాడీలు కొత్త రకాన్ని పట్టుకుంటాయి గానీ చంపలేవు, పైపెచ్చు అది కణాల్లోకి దూరడానికి సాయం చేస్తాయి. యాంటీబాడీ ఉండటం అంటే రక్షణ ఉండటమే అనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకుంటే చాలు.

అన్నిటికంటే ఎక్కువ అన్యాయం జరిగేది టైఫాయిడ్ విషయంలో. వైడాల్ టెస్టు 1896 నాటిది, ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ వైడాల్ పేరు మీద వచ్చింది. ఇప్పటికీ మన దగ్గర ఏ సందులో ల్యాబ్‌కి వెళ్లినా జ్వరానికి ముందు రాసేది ఇదే. రిపోర్టులో 1:80, 1:160 అని ఉంటాయి, వాటి అర్థం ఎవరూ చెప్పరు. గిన్నెడు చారు తీసుకుని సగం పారబోసి అంతే నీళ్లు కలపండి. రుచి చూడండి. మళ్లీ సగం తీసి నీళ్లు. పులుపు నాలుకకు తెలిసినంతసేపూ ఇలా పలచన చేస్తూ పోతే, ఎన్ని రెట్లు పలచన చేసినా ఇంకా తెలిసిందన్నదే ఆ చారు చిక్కదనానికి కొలత. సీరంను 160 రెట్లు పలచన చేసినా అందులోని యాంటీబాడీలు టైఫాయిడ్ బ్యాక్టీరియాను ముద్దగా అతికించగలిగాయంటే అది 1:160.

కొలత బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, టైఫాయిడ్ ఎప్పుడూ తిరుగుతుండే మన లాంటి చోట ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో కూడా ఈ యాంటీబాడీలు కొంత ఉంటాయి, ఎప్పుడో తెలియకుండా సోకి పోయినవాటి మిగులు. పైగా మలేరియా లాంటి వేరే జ్వరాల్లో కూడా ఈ అంకె పైకి లేస్తుంది. మన ఊళ్లలో తరచూ వినబడే "మలేరియా, టైఫాయిడ్ రెండూ కలిసి వచ్చాయంట" అనే మాటలో రెండోది ఎన్నిసార్లు నిజంగా టైఫాయిడో అనుమానమే. ఇక జ్వరం మొదటి వారంలో చేస్తే అసలు టైఫాయిడ్ ఉన్నవాళ్లకే నెగెటివ్ రావచ్చు. అందుకే పద్ధతి ప్రకారం అయితే రెండుసార్లు, పది పద్నాలుగు రోజుల ఎడంతో రక్తం తీసి, రెండోదాంట్లో అంకె నాలుగు రెట్లు పెరిగిందా అని చూడాలి. 1:80 కాస్తా 1:320 అయితే అప్పుడు ఒంట్లో ఇప్పుడే పోరు జరిగిందని నమ్మవచ్చు. కానీ పది రోజులు ఎవరు ఆగుతారు? జ్వరం తగ్గితే రెండో టెస్టుకు ఎవరూ రారు, తగ్గకపోతే అప్పటికే రెండు రకాల యాంటీబయాటిక్‌లు వాడేసి ఉంటారు. జ్వరం మొదటి వారంలో, మందులు మొదలెట్టకముందే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూడటం, సరైన దారి, అందులో బ్యాక్టీరియానే దొరుకుతుంది, ఏ మందుకు లొంగుతుందో కూడా తెలుస్తుంది. ఖర్చు ఎక్కువ, రిపోర్టుకు రోజులు పడుతుంది, అక్కడే ఆగిపోతుంది.

ఇంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. టైఫాయిడ్ తగ్గాక "పోయిందో లేదో చూద్దాం" అని మళ్లీ వైడాల్ చేయించడం. ఈ యాంటీబాడీలు నెలల తరబడి రక్తంలో తిరుగుతూనే ఉంటాయి, కాబట్టి అంకె తగ్గదు, కాబట్టి "ఇంకా ఒంట్లోనే ఉంది" అంటారు, కాబట్టి ఇంకో కోర్సు మందులు. జ్వరం లేని మనిషికి అంకె మీద జాలిపడి చేసే వైద్యం ఇది.

హెచ్ఐవీ దగ్గర ఆలస్యానికి వేరే బరువు ఉంది. సోకిన నాటి నుంచి టెస్టుకు చిక్కే నాటి దాకా ఉన్న కాలాన్ని విండో పీరియడ్ అంటారు. యాంటీబాడీలను మాత్రమే వెతికే టెస్టులకు అది 23 నుంచి 90 రోజులు. యాంటీబాడీతో పాటు పీ24 అనే వైరస్ ప్రొటీన్‌ని కూడా వెతికే ల్యాబ్ టెస్టుకు 18 నుంచి 45 రోజులు. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యాట్ టెస్టుకు 10 నుంచి 33 రోజులు. హెపటైటిస్ సీ అయితే యాంటీబాడీలు కనబడటానికి సగటున 8 నుంచి 11 వారాలు. ఆ మధ్యకాలంలో రక్తదానం చేసిన మనిషి రిపోర్టు శుభ్రంగా ఉంటుంది, రక్తం మాత్రం శుభ్రంగా ఉండదు. నెలనెలా రక్తం ఎక్కించుకోవాల్సిన తలసీమియా పిల్లల తల్లిదండ్రులు న్యాట్ చేసిన రక్తమే కావాలని పట్టుబట్టేది ఇందుకే, ఆ పట్టుదలలో న్యాయం ఉంది. అనుమానంగా ఉన్నవాళ్లు టెస్టు నెగెటివ్ వచ్చినా మూడు నెలల తర్వాత మళ్లీ రావాలని కౌన్సెలింగ్ కేంద్రాల్లో చెప్పేదీ ఇందుకే.

పసిపిల్లల విషయంలో ఇదే బొమ్మ తిరగబడుతుంది: వాళ్ల రక్తంలో కనబడే యాంటీబాడీలు వాళ్లవే కాకపోవచ్చు. ఐజీజీ తల్లి నుంచి మాయ దాటి బిడ్డలోకి వెళ్తుంది, ఐజీఎం దాటలేదు. హెచ్ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు, వైరస్ సోకకపోయినా, 18 నెలల వయసు దాకా యాంటీబాడీ టెస్టు పాజిటివ్ రావచ్చు. అందుకే ఆ పిల్లలకు ఆరు వారాలప్పుడు వైరస్ జన్యువునే వెతికే టెస్టు చేస్తారు. మన దేశంలో తట్టు టీకా పుట్టగానే వేయకుండా 9 నెలలు నిండాక వేయడానికి కారణం కూడా అమ్మ ఇచ్చిన యాంటీబాడీలే. ముందే వేస్తే అవి టీకాలోని బతికున్న బలహీన వైరస్‌ని తుడిచిపెట్టేస్తాయి, బిడ్డ బి కణాలకు చూడటానికి ఏమీ మిగలదు.

టీకా తర్వాత వచ్చే యాంటీబాడీలకూ రోగం తర్వాత వచ్చేవాటికీ తేడా కనిపెట్టవచ్చా? కొన్నిటిలో చక్కగా కనిపెట్టవచ్చు. హెపటైటిస్ బి టీకాలో ఉండేది వైరస్ పైతొడుగులోని ఒకే ఒక్క ప్రొటీన్. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన షాన్‌వ్యాక్, మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ (వైరస్ జన్యువును వేరే కణంలో పెట్టి ఆ ప్రొటీన్‌ని తయారుచేయించే) హెపటైటిస్ బి టీకా, అలాంటిదే. టీకా వేయించుకున్నవాళ్లకు ఆ తొడుగు మీద మాత్రమే యాంటీబాడీలు వస్తాయి. పచ్చకామెర్లు వచ్చి తగ్గినవాళ్లకు, అది హెపటైటిస్ బి వల్ల వచ్చినదైతే, వైరస్ లోపలి గుజ్జు మీద కూడా వస్తాయి. మూడు డోసులూ అయ్యాక ఒకటి రెండు నెలలకు చూస్తే మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు దాటితే టీకా పట్టినట్టు. పెద్దవాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికి పట్టదు, వాళ్లకు మళ్లీ వేసి చూడాలి. ఒకసారి 10 దాటినవాళ్లకు ఏళ్లు గడిచాక అంకె కింద పడిపోయినా, ఆరోగ్యంగా ఉన్నంతవరకు, కంగారు అక్కర్లేదు. రక్తంలో సరుకు తగ్గింది గానీ దాన్ని తయారుచేసే జ్ఞాపకం కణాలు అలాగే ఉన్నాయి, వైరస్ వస్తే అవి రోజుల్లో లేస్తాయి. హెపటైటిస్ బి రోగం ముదరడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆ వ్యవధి చాలు.

కోవిడ్ కాలంలో ఈ తేడా తెలియక జనం పడ్డ కంగారు అంతా ఇంతా కాదు. టీకా వేయించుకుని రెండు వారాలకు యాంటీబాడీ టెస్టు చేయించుకోవడం ఒక ఫ్యాషన్ అయింది, వాట్సాప్ గ్రూపుల్లో నాకు ఇంత, నీకెంత అని అంకెలు పోల్చుకున్నారు. కోవిషీల్డ్ వల్ల వైరస్ పైనుండే స్పైక్ ప్రొటీన్ మీద మాత్రమే యాంటీబాడీలు వస్తాయి, కానీ కొన్ని కిట్లు వెతికేది వైరస్ లోపలి న్యూక్లియోక్యాప్సిడ్ ప్రొటీన్ మీది యాంటీబాడీల కోసం. ఆ కిట్‌తో చేయించుకున్న మనిషికి టీకా బ్రహ్మాండంగా పనిచేసినా రిపోర్టులో సున్నా. కోవాగ్జిన్ మొత్తం వైరస్‌ని చంపి తయారుచేసిన టీకా, దానికి రెండూ రావచ్చు. ఒక్కో కిట్‌ది ఒక్కో కొలమానం కాబట్టి ఒక ల్యాబ్‌లోని 250, ఇంకో ల్యాబ్‌లోని 80 పోల్చడానికి వీల్లేనివి. టీకా పనిచేసిందో లేదో చూసుకోవడానికి ఈ టెస్టులు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 మేలోనే చెప్పింది. విన్నది ఎవరు?

ఒక్క మనిషి విషయంలో అంత నమ్మకం లేని ఈ టెస్టే, ఊరు మొత్తాన్ని చూడటానికి మాత్రం బాగా పనికొచ్చింది. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఎన్ఐఎన్ అనే పరిశోధన సంస్థలు, టీకాల కంపెనీ భారత్ బయోటెక్ కలిసి 30 వార్డుల్లో దాదాపు 9,000 మంది రక్తం చూసి, 54 శాతం మందిలో కోవిడ్ యాంటీబాడీలున్నాయని 2021 మార్చిలో ప్రకటించాయి. అందులో మూడొంతుల పైమందికి తమకు కోవిడ్ వచ్చిపోయిన సంగతే తెలియదు. సగం మందికి పైగా వచ్చేసింది కదా, ఇక భయం లేదనుకున్నవాళ్లు చాలామంది. ఏప్రిల్, మే నెలల్లో ఏం జరిగిందో అందరికీ గుర్తే. యాంటీబాడీ ఉందని చెప్పిన టెస్టు, అది ఎంత ఉందో, కొత్తగా వచ్చిన డెల్టా రకాన్ని ఎంతవరకు అడ్డుకుంటుందో చెప్పలేదు. చెప్పడం దాని పనీ కాదు.

ఆలస్యం, అరువు, జ్ఞాపకం మూడూ ఒకేచోట కనబడేది కుక్కకాటు చికిత్సలో. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అనే మాట ఇంకా పోలేదు గానీ, గొర్రె మెదడు నుంచి తయారుచేసిన ఆ పాత టీకాను దేశంలో 2004 చివరికే ఆపేశారు. ఇప్పుడు చేతి కండలోకి వేసే టీకా 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేసేదైతే 0, 3, 7, 28 రోజుల్లో. రేబిస్ వైరస్ విచిత్రం ఏంటంటే, కాటు నుంచి నరాల్లోకి దూరి మెదడు వైపు పాకుతుంది, ఆ దారిలో బి కణాల కంట దాదాపు పడదు. సోకినవాళ్లకు రోగలక్షణాలు బయటపడ్డ నాటికి కూడా తరచుగా రక్తంలో యాంటీబాడీలు ఉండవు, వచ్చేసరికి చేయిదాటిపోతుంది. సహజంగా సోకితే యాంటీబాడీలు రాని చోట టీకా వాటిని రప్పిస్తుంది, ఇది చాలా అరుదైన సంగతి.

కానీ టీకాకూ ఆ వారం రోజులు కావాలి. మొదటి డోసు తర్వాత యాంటీబాడీలు కనబడేది 7 నుంచి 14 రోజుల మధ్య. కాటు లోతుగా ఉంటే, ముఖం మీదో చేతి మీదో అయితే, ఆ వారం ఆగడం ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే మొదటి రోజే ఎవరో తయారుచేసిన యాంటీబాడీలను అరువు తెచ్చి గాయంలోకి, గాయం చుట్టూ ఎక్కిస్తారు. ఇవి మనుషుల నుంచి తీసినవో, గుర్రాల నుంచి తీసినవో. ఒకరి యాంటీబాడీలు ఇంకొకరికి పనికొస్తాయని 1890లో బెర్లిన్‌లో ఎమిల్ వాన్ బేరింగ్, షిబసాబురో కిటసాటో ధనుర్వాతం, కంఠసర్పి మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన విద్యే ఇది. మొదటి డోసు వేసి ఏడు రోజులు దాటాక ఈ అరువు యాంటీబాడీల సీరం ఇవ్వరు, అప్పటికి ఒంటి సొంత సరుకు రావడం మొదలైందని లెక్క, పైగా అరువు యాంటీబాడీలు సొంతవాటి తయారీకి అడ్డం పడే వీలుంది. చాలామంది టీకా వేయించుకుని, సీరం సంగతి ఎవరూ చెప్పకనో, దగ్గర్లోని ఆసుపత్రిలో దొరకకనో ఊరుకుంటారు, అసలు మోసం అక్కడ జరుగుతుంది. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడగడం కూడా ఇంతే ముఖ్యం, ఎందుకంటే యాంటీబాడీలు వచ్చేదాకా చేయాల్సిన పనిలో కొంత సబ్బే చేస్తుంది.

పూర్తి కోర్సు అయిన మనిషిని మూడేళ్ల తర్వాత ఇంకో కుక్క కరిస్తే లెక్క మారిపోతుంది. సీరం అక్కర్లేదు, 0వ రోజు, 3వ రోజు రెండే డోసులు. ఈ మూడేళ్లలో రక్తంలో అంకె ఎంతకు పడిపోయినా, జ్ఞాపకం ఉన్న కణాలు ఈసారి వారం ఆగవు. అందుకే ఆసుపత్రిలో ముందు అడిగేది పాత టీకా చీటీ ఉందా అని. చీటీ లేక, ఎన్ని డోసులు వేయించుకున్నదీ గుర్తులేకపోతే, ఒంట్లో జ్ఞాపకం ఉన్నా దాన్ని నమ్మే వీలు వైద్యులకు ఉండదు, సీరంతో సహా మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు.